నెల్లూరు నాగలికి తగిలిన రోమన్ బంగారం: వాళ్ళే వచ్చారా, కాసులే వచ్చాయా?

పెన్నాగట్టు:
మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో మొన్న ఒక ఫార్వర్డ్ వచ్చింది. రెండు వేల ఏళ్ళ కింద నెల్లూరు రోమన్ల కాలనీ అంట. మామూలుగా ఇట్టాంటివి చూడగానే డిలీట్ కొడతా. కానీ దీని వెనక ఉన్న కథ గాలి కబురు కాదు. తెలియని వాళ్ళ కోసం చెబుతా.

1780ల్లో, ఇంకా నవాబుల పెత్తనం నడుస్తున్న రోజుల్లో, నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలి ఇటుక కట్టడానికి తగిలి ఆగిపోయింది. తవ్వితే చిన్న గుడి ఆనవాళ్ళు బయటపడ్డాయి. దాని అడుగున ఒక ముంత, ముంతలో రోమన్ బంగారు నాణేలు. ఆయనకేం తెలుసు పాపం, పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా వరకు కరిగిపోయే ఉంటాయి. కబురు తెలిసి నవాబు అమీర్ ఉల్ ఉమరా ముప్పైకి పైగా రాబట్టాడు. అప్పటి మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్సన్‌కి వాటిలో రెండు ఏరుకునే అవకాశం దక్కింది. హేడ్రియన్‌ది ఒకటి, ఫాస్టీనాది ఒకటి తీసుకున్నాడు. 1787లో ఆయన రాసిన ఉత్తరం అచ్చయింది కాబట్టే ఈ సంగతి మనదాకా వచ్చింది.

ముంతలో రోమన్ చక్రవర్తి ట్రాజన్ నాణేలూ ఉన్నాయి. ఆయన ఏలింది క్రీ.శ. 98 నుంచి 117 దాకా. హేడ్రియన్ 138 దాకా. ఫాస్టీనా ఆ తర్వాతి చక్రవర్తి ఆంటోనినస్ పయస్ భార్య. కూతురి పేరూ అదే. ఏ ఫాస్టీనా అయినా ఆ నాణెం 138కి ముందుది కాదు. అంటే ముంత పాతిపెట్టింది ఆ తర్వాతే.

ఇప్పుడు నా పాయింట్. చాలా నాణేలు నిన్ననే టంకశాల నుంచి వచ్చినంత కొత్తగా ఉన్నాయని డేవిడ్సన్ రాశాడు. పది చేతులు మారిన కాసు అట్టా ఉంటుందా? రోమ్ రాజ్యం నుంచి బయల్దేరినవాడు మూటతో సహా మన తీరాన దిగాడనే నా నమ్మకం. కాలనీ అనను గానీ, వాళ్ళ మనుషులు కొందరైనా ఇక్కడ ఉన్నారు. మీరేమంటారు?

కందుకూరు_కాఫీ:
మా నానమ్మ కాసులపేరులో ఐదో జార్జి తలకాయలు పదకొండు ఉన్నాయి. ఆయన మా వీధిలో కాపురం ఉన్నట్టు మా తాత ఎప్పుడూ చెప్పలేదు.

పెన్నాగట్టు:
కాఫీ అన్నా, నవ్వొచ్చింది. కానీ జార్జి రాకపోయినా ఆయన మనుషులు వచ్చారు గదా, కలెక్టరు బంగళాలో కూర్చున్నారు గదా? మీ నానమ్మ కాసులపేరు నా వైపు సాక్ష్యం చెప్తోంది.

కందుకూరు_కాఫీ:
ఓర్నీ.

ఒంగోలు_మాస్టారు:
అబ్బాయ్ పెన్నాగట్టు, కథ బాగా చెప్పావు. నాణెం కొత్తగా ఉంది కాబట్టి మనిషి వెంటే వచ్చాడనడం మాత్రం తొందరపాటు.

ఆ రోజుల్లో సరుకు నడిచిన తీరు చూడు. ఈజిప్టు వైపు ఎర్రసముద్రపు రేవులు బెరెనికే, మ్యోస్ హోర్మోస్ నుంచి ఓడలు జులైలో బయల్దేరేవి. నైరుతి గాలిని పట్టుకుని నేరుగా కేరళ తీరం, ముజిరిస్. ఒక్క మ్యోస్ హోర్మోస్ నుంచే ఏటా 120 ఓడలు పోయేవని ఆ కాలపు గ్రీకు రచయిత స్ట్రాబో రాశాడు. వాళ్ళకు కావలసిన మిరియాలు ఆడే దొరుకుతాయి. అక్కడి నుంచి తూర్పు తీరానికి పాలక్కాడ్ కనుమ గుండా నడకదారి ఉంది. లేకపోతే మనవాళ్ళ ఓడలు. పెరిప్లస్ అని 1వ శతాబ్దపు గ్రీకు వ్యాపారి చేతిపుస్తకం ఒకటుంది. తూర్పు తీరాన తిరిగే స్థానిక ఓడల పేర్లు కూడా అందులో ఉన్నాయి. కమర, పొదుకె, సొపట్మ అనే రేవులు చెప్పి, ఆ పైన ఒక్క దూకుడులో మసాలియాకు, అంటే కృష్ణా ముఖద్వారం వైపు సన్నబట్టల సీమకు వెళ్ళిపోతాడు. మధ్యలో మన నెల్లూరు, ఒంగోలు తీరం ఊసే లేదు.

ఇంకో లెక్క. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్సులు (రోమన్ చిల్లర నాణేలు) గుంజుకుపోతోందని రోమన్ రచయిత ప్లినీ ఏడ్చాడు. వంద సెస్టర్సులు ఒక బంగారు నాణెం. అంటే ఏడాదికి 5 లక్షల నాణేల విలువ. ప్లినీ కాస్త పెంచి చెప్పాడనుకున్నా, అంత డబ్బు దిగుతున్న దేశంలో ముప్పై కాసులు మూటకట్టుగా ఒక షరాబు నుంచి ఇంకో షరాబుకు పోవడానికి రోమన్ ఎందుకయ్యా? సీలు విప్పని నోట్ల కట్ట బ్యాంకులు మారినా కొత్తగానే ఉంటుంది.

పెన్నాగట్టు:
మాస్టారూ, నోట్ల కట్ట పోలిక ఒప్పుకుంటా. కానీ పెరిప్లస్ రాసిననాటికి ట్రాజన్ ఊయల్లో ఉన్నాడో బళ్ళో ఉన్నాడో. అరవై డెబ్బై ఏళ్ళ ముందటి పుస్తకంలో మన ఊరు లేదని, తర్వాత కూడా ఎవరూ రాలేదంటే ఎట్టా? 1990 టెలిఫోన్ డైరెక్టరీలో నా పేరు లేదు.

ఒంగోలు_మాస్టారు:
అది నిజమే. ఆ ఒక్కటీ తీసేస్తున్నా. కానీ ఓడల మాట తీయను. అదే 2వ శతాబ్దం చివర యజ్ఞశ్రీ శాతకర్ణి సీసపు నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ వేయించాడు. ఓడలు లేని రాజు ఓడ బొమ్మ వేయించుకోడు.

గుండ్లకమ్మ:
మధ్యలో దూరుతున్నందుకు సారీ. పురావస్తు శాస్త్రం చదివినదాన్ని, చీమకుర్తి వైపు మా ఊరు.

పరదేశులు ఉన్నారా లేరా అని బంగారాన్ని అడిగితే చెప్పదు, చెత్తకుప్పను అడగాలి. మనుషులు కాపురం ఉన్నచోట ముందుగా మిగిలేది పగిలిన కుండలు, ఎముకలు, దీపాలు. పుదుచ్చేరి పక్కన అరికమేడులో మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చిన ద్రాక్షసారా జాడీల ముక్కలు, ఇటలీ ఎర్ర పళ్ళేల ముక్కలు దొరికాయి. 1945లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త వీలర్ తవ్వి అది యవనుల, అంటే గ్రీకు రోమన్ వాళ్ళ, వర్తక స్థావరం అన్నాడు. 1989 నుంచి 1992 దాకా విమలా బెగ్లీ బృందం మళ్ళీ తవ్వితే ఏం తేలింది? రోమన్ సరుకు రాకముందే అక్కడ మనవాళ్ళ ఊరుంది. ఇంకో సంగతి, లోపలి అడుగున చుక్కల వరసలుండే నున్నటి పళ్ళేలను ఒకప్పుడు రోమన్ పనితనం అనుకునేవారు. తర్వాత మట్టి పరీక్ష చేస్తే అది మన దేశపు మట్టే. అంత తవ్విన చోటే కథ తిరగబడింది. మనకున్నది ఒక ముంత, ఒక ఉత్తరం.

నన్ను నిజంగా బాధపెట్టేది ఆ ఇటుక. ఉత్తరంలో 'ఇటుక కట్టడం' అని ఉంది గానీ కొలత లేదు. శాతవాహనుల, ఇక్ష్వాకుల నాటి ఇటుక ఎంత పెద్దదంటే ఒక్కదాన్ని ఎత్తడానికి రెండు చేతులూ కావాలి. ఎవరైనా మూర పెట్టి కొలిచి ఒక్క అంకె రాసి ఉంటే, గుడి ముంత నాటిదా, లేక ముంత సంగతి తెలియకుండా వందల ఏళ్ళ తర్వాత పైన కట్టారా అని కొంతైనా చెప్పగలిగేవాళ్ళం. గుడి అడుగున దొరికింది కాబట్టి గుడిదే అనుకుంటున్నారు అందరూ. శంకుస్థాపనలో వేసిన నాణేలు కావచ్చు, ఎవరో భయపడి పాతిపెట్టుకున్నవీ కావచ్చు.

లోతును బట్టి వయసు కట్టడం కూడా కుదరదు. 2020 జూన్‌లో చేజర్ల మండలం పెరుమాళ్ళపాడులో పెన్నా ఇసకలోంచి నాగేశ్వరస్వామి గుడి బయటపడింది గుర్తుందా? పరశురాముడి ప్రతిష్ఠ అన్నారు జనం. 1850 ప్రాంతపు వరదల్లో పూడి ఉంటుందని అధికారుల అంచనా. నది తలచుకుంటే ఎంతసేపు.

సిమ్హపురి_షేర్:
అసలు ముద్దాయి ఆ రైతు. దేశ సంపదను ఆచారికి అమ్ముకున్నాడు. దీని మీద ఎవరూ మాట్లాడరేం?

కందుకూరు_కాఫీ:
షేర్ తమ్ముడూ, నీ చేలో దొరికితే ఏం చేస్తావు?

సిమ్హపురి_షేర్:
కలెక్టరుకు అప్పజెప్తా.

గుండ్లకమ్మ:
అప్పజెప్పాలనే ఇప్పటి చట్టం 1878లో వచ్చింది. ఆ రైతు కాలానికి అది లేదు, కాబట్టి ఆయన్ను వదిలేయండి. ఇప్పుడైతే పది రూపాయల విలువ దాటితే చాలు, కలెక్టరుకు చెప్పాల్సిందే. చెప్పకపోతే ఏడాది దాకా జైలు. సొంతదారు ఎవరూ తేలకపోతే మామూలుగా దొరికినవాళ్ళకు ముప్పావు, భూమి యజమానికి పావు. ప్రభుత్వమే ఉంచుకోవాలనుకుంటే లోహం విలువ మీద ఐదో వంతు కలిపి ఇవ్వాలి. ఈ సంగతి ఊళ్ళలో చెప్పేవాళ్ళు ఉండరు, అందుకే జనం రాత్రికి రాత్రి కరిగిస్తారు.

కందుకూరు_కాఫీ:
అప్పజెప్పినా ఏం లాభం లెండి. మా వైపు చందవరం చూడండి. గుండ్లకమ్మ ఒడ్డున సింగరకొండ మీద అంత పెద్ద బౌద్ధ స్తూపం. అక్కడి మ్యూజియంలో భద్రంగా పెట్టిన శిల్పఫలకం దొంగల చేతుల్లో పడి సముద్రాలు దాటింది. ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2005లో కొనుక్కుంది. 2016లో తప్పు తెలుసుకుని తిరిగిచ్చింది. ఆచారి కరిగించాడని ఏడుస్తున్నాం గానీ, దాచినదీ పోయింది గదా.

గుండ్లకమ్మ:
పోయింది, ఒప్పుకుంటా. కానీ ఎట్టా తిరిగొచ్చింది? ఫలానాది ఫలానా చోటిదని చూపించే ఆధారం ఉండబట్టి. కరిగిన కాసుకు ఆ దారి కూడా లేదు.

ఆచారివీధి:
అందరికీ నమస్కారం. నెల్లూరు ఆచారివీధిలో మూడు తరాలుగా మాది బంగారం పని. చదువు తక్కువ, కుంపటి ముందు కూర్చున్న అనుభవం ఎక్కువ. 'ఆచారికి అమ్ముకున్నాడు' అన్న మాట చూసి ఆగలేక రాస్తున్నా. మా వాళ్ళు కరిగించే ఉంటారు, కాదనను. తెచ్చినవాడు కరిగించమంటే కరిగిస్తాం.

ఆ ఉత్తరంలో ఇంకో మాట ఉందని మా అబ్బాయి చదివి వినిపించాడు. మీరెవరూ దాని జోలికి పోలేదు. కొన్ని నాణేలు బాగా అరిగి, బొక్కలు పడి ఉన్నాయంట. చేతికో మెడకో నగలుగా వేసుకుని ఉంటారని ఆయనే రాశాడు. నాకు అసలు కథ అక్కడే కనిపించింది.

ఆ కాలపు రోమన్ కాసు 7 గ్రాముల పైచిలుకు, మన సవర కన్నా కాస్త తక్కువ. కానీ మన సవర 22 క్యారెట్లు, అది దాదాపు మేలిమి. మేలిమి బంగారం మెత్తన. గోటితో గట్టిగా నొక్కితే గుర్తు పడినంత పని అవుతుంది. అట్టాంటి కాసుకు బొక్క కొట్టి దారం గుచ్చి మెడలో వేసుకుంటే ఏమవుతుందో నేను రోజూ చూస్తా. పక్క కాసుతో రాసుకుని ముందు ముక్కు పోతుంది, తర్వాత చెవి, తర్వాత అక్షరాలు. దారం లాగి లాగి బొక్క గుండ్రంగా ఉండదు, పైకి సాగి చింతగింజలా అవుతుంది. ఇంకా అరిగితే అంచు తెగి కాసు జారిపోతుంది. అంత అరగడానికి ఏడాది రెండేళ్ళు చాలవు. తల్లి మెడ నుంచి కూతురి మెడకు పోవాలి.

ఇంకో పాయింట్. కొక్కెం అతికించకుండా బొక్క కొట్టారంటే టంకం ఇష్టం లేకనే అయి ఉండొచ్చు. టంకం వేస్తే మాటు పడుతుంది, కరిగించినప్పుడు తరుగు వస్తుంది. బొక్క కొడితే పోయేది నూకగింజంత. మా నాయన కూడా మేలిమికి అట్టాగే చేసేవాడు.

ఇక ఒకే ముంతలో తళతళలాడే కాసులు, అరిగిన కాసులు రెండూ ఉన్నాయంటే నాకు వర్తకుడి సంచి గుర్తుకురాదు. మా దగ్గరికి పెళ్ళిళ్ళ సీజన్‌లో వచ్చే నగలపెట్టె గుర్తొస్తుంది. అవ్వ వేసుకున్నవి అరిగి ఉంటాయి, కూతురి కోసం కొని దాచినవి కొత్తగా ఉంటాయి. ఇల్లు కావచ్చు, గుడి కావచ్చు. దాచింది మాత్రం మన మనుషులే.

పెన్నాగట్టు:
ఆచారి గారూ, నేను ఆ ఉత్తరం నాలుగు సార్లు చదివా. 'కొత్తగా' అన్న మాట దగ్గరే ఆగిపోయా, నాకు కావలసింది అదే కాబట్టి. పాతిపెట్టింది ఇక్కడివాళ్ళే అన్నది ఒప్పుకుంటున్నా. ఫార్వర్డ్ పంపిన మా బాబాయికి కూడా చెప్పా, ఆయన ఒప్పుకోలేదు.

కానీ ఒకటి వదలను. కొత్త కాసులు మన తీరంలో ఎవడి చేతి నుంచి దిగాయి అనే ప్రశ్నకు నగలపెట్టె జవాబు చెప్పదు. దాచినవాడు వేరు, తెచ్చినవాడు వేరు. కృష్ణపట్నం నుంచి కొత్తపట్నం దాకా ఈ తీరంలో గుండ్లకమ్మ గారు చెప్పిన చెత్తకుప్ప కోసం ఒకటి రెండు దిబ్బలైనా సరిగ్గా తవ్వాలి.

గుండ్లకమ్మ:
అట్టా అడగండి, నేనూ మీ వైపే.

సిమ్హపురి_షేర్:
ఆచారి గారూ, పొద్దున నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ఒక డౌట్. ఫాస్టీనా అంటే రాణి గదా. ఆ బొమ్మను మనాళ్ళు లక్ష్మీదేవి అనుకుని మెడలో వేసుకుని ఉంటారా?

ఆచారివీధి:
అనుకున్నారో లేదో తెలియాలంటే బొక్క ఎక్కడ కొట్టారో చూడాలి బాబూ. దేవత అనుకుంటే బొమ్మ నిలువుగా వచ్చేట్టు నెత్తి పైన కొడతారు. ఒట్టి బంగారం అనుకుంటే ఎక్కడ వీలైతే అక్కడ.

మీ అందరి మాటలు చదివాక ఒక పని చేశా. నిన్న సాయంత్రం ఒకావిడ వాళ్ళ అత్తగారి కాసులపేరు తెచ్చింది, కరిగించి గాజులు చేయమని. మూసలో వేసే ముందు ఒక్కో కాసు రెండు వైపులా ఫోటో తీసి, తూకం రాసి పెట్టా. ఐదో జార్జి తొమ్మిది, ఏడో ఎడ్వర్డ్ రెండు. ఎడ్వర్డ్‌కి ఒకదాంట్లో బొక్క సరిగ్గా గొంతు మీద పడింది.