కొత్త బ్రౌజర్‌కి మారినప్పుడు మొదటి వారం: వేగం, ర్యామ్, పాస్‌వర్డులు, ఆగి ఆగి ఆడే వీడియోలు

ప్రశ్న:
క్రోమ్ నుంచి ఫైర్‌ఫాక్స్‌కి మారదామని ఇన్‌స్టాల్ చేసుకున్నాను. విండోస్ 11, 8 జీబీ ర్యామ్. పేజీలు చకచకా తెరుచుకుంటున్నాయి, మొదటి చూపుకి బాగానే ఉంది. నా సందేహాలు: (1) ఈ వేగం నిజమైనదేనా, కొన్నాళ్లకి తగ్గిపోతుందా? (2) రెండిట్లో ఏది ఎక్కువ ర్యామ్ తింటోందో సరిగా పోల్చడం ఎలా? (3) పాస్‌వర్డులు ఏవీ పోకుండా తెచ్చుకోవాలంటే ఏం చేయాలి? (4) ఒకటి రెండు సైట్లలో లాగిన్ బటన్ నొక్కితే ఏమీ జరగట్లేదు. కారణం ఏమై ఉంటుంది?

జవాబు:
మొదటి ప్రశ్నతోనే మొదలుపెడతానండి, మిగతా వాటికి కూడా మూలం అదే.

మీరు ఇప్పుడు పోలుస్తున్నది రెండు బ్రౌజర్లను కాదు. ఒక వైపు ఏళ్ల తరబడి వాడిన ప్రొఫైల్ ఉంది, అందులో పది ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు), వేల పేజీల హిస్టరీ, సైట్లు దాచుకున్న డేటా, నోటిఫికేషన్ అనుమతులు అన్నీ ఉన్నాయి. రెండో వైపు ఏమీ లేని ఖాళీ ప్రొఫైల్. ఖాళీది తేలిగ్గా పరుగెత్తడంలో వింత లేదు. ఎక్స్‌టెన్షన్ల బరువే అన్నిటికన్నా ఎక్కువ. ‘అన్ని సైట్లలో డేటా చదవడానికి, మార్చడానికి’ అనుమతి ఉన్న ప్రతి ఎక్స్‌టెన్షన్ మీరు తెరిచే ప్రతి పేజీలోకీ తన కోడ్‌ని దూర్చగలదు.

కాబట్టి పాత బ్రౌజర్‌లో కూడా ఒక కొత్త ప్రొఫైల్ తెరవండి. క్రోమ్‌లో కుడివైపు పైన ప్రొఫైల్ బొమ్మ నొక్కి, కొత్త ప్రొఫైల్ జోడించి, ఖాతాతో సైన్ ఇన్ కాకుండా ముందుకు వెళ్లండి. ఇప్పుడు రెండూ ఖాళీవే. రెండిట్లో అవే ఐదారు పేజీలు తెరవండి. మొదటిసారి తెరిచినప్పటి వేగాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, క్యాష్‌లో (చూసిన పేజీల ముక్కలు దాచుకునే చోటు) అప్పటికి ఏమీ ఉండదు. పైగా కొత్తగా పెట్టిన బ్రౌజర్ మొదటి గంటలో ప్రమాదకర సైట్ల జాబితాలు, యాడ్ బ్లాకర్ జాబితాలు దింపుకుంటూ ఉంటుంది. యాంటీవైరస్ కూడా ఆ కొత్త ఫైళ్లను తనిఖీ చేస్తుంది. ఆ గంటలో నెమ్మదిగా అనిపించినా, వేగంగా అనిపించినా తీర్పు చెప్పకండి.

అంకెలు కావాలంటే ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్‌లో ‘డిసేబుల్ క్యాష్’ టిక్ పెట్టి పేజీని ఐదుసార్లు రీలోడ్ చేయండి. కింద వరసలో ‘లోడ్’ అని సమయం కనిపిస్తుంది. ఐదిట్లో సగటు కాకుండా, చిన్న నుంచి పెద్దకి వరసలో పెడితే మధ్యలో వచ్చే అంకె తీసుకోండి, నెట్ ఒక్కసారి తడబడితే సగటు మొత్తం పాడవుతుంది. పేజీ తెరుచుకున్నాక బటన్లు, జాబితాలు ఎంత చురుగ్గా స్పందిస్తున్నాయో చూడాలంటే స్పీడోమీటర్ 3 పరీక్ష ఉంది. 2024 మార్చిలో వచ్చింది. యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా కలిసి తయారు చేశాయి కాబట్టి ఒక పక్షం వైపు మొగ్గు ఉందన్న అనుమానం తక్కువ. ల్యాప్‌టాప్‌కి ఛార్జర్ తగిలించి, మిగతా ట్యాబులన్నీ మూసి నడపండి. బ్యాటరీ మీద నడిపితే ప్రాసెసర్ వేగం తగ్గి, బ్రౌజర్‌తో సంబంధం లేని అంకె వస్తుంది.

రెండు బ్రౌజర్ల మధ్య ఐదారు శాతం తేడా వస్తే దాన్ని పట్టించుకోనక్కర్లేదు. రోజూ వాడేటప్పుడు అది చేతికి తెలియదు.

ఇంకొకరి జవాబు:
ర్యామ్ సంగతి నేను చెప్తాను. ఇక్కడ చాలామంది తప్పు లెక్క వేస్తారు.

పాత బ్రౌజర్‌లో ముప్పై ట్యాబులు తెరిచి ఉన్నాయనుకోండి. మెమరీ సేవర్ పనిచేస్తుంటే వాటిలో మీరు కాసేపు ముట్టనివన్నీ నిద్రపోతుంటాయి, ట్యాబ్ పైన కనిపిస్తుంది గానీ ర్యామ్‌లో పేజీ ఉండదు. అవే ముప్పై లింకులు కొత్త బ్రౌజర్‌లో ఇప్పుడే తెరిస్తే అన్నీ మేలుకునే ఉంటాయి. ‘కొత్తది రెట్టింపు తింటోంది’ అనిపిస్తుంది. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది: ఫైర్‌ఫాక్స్‌ని మూసి మళ్లీ తెరిచి పాత సెషన్ రప్పించుకుంటే, మీరు నొక్కిన ట్యాబ్ మాత్రమే లోడ్ అవుతుంది, మిగతావి పేర్లుగా ఉండిపోతాయి. అప్పుడు చూస్తే చాలా తక్కువ ర్యామ్ కనిపిస్తుంది. రెండూ మోసపు లెక్కలే.

సరైన పద్ధతి: రెండిట్లో ఒకే పది ట్యాబులు, ప్రతి ట్యాబునీ ఒకసారి నొక్కి పూర్తిగా లోడ్ కానివ్వండి. ఐదు నిమిషాలు ఆగండి. అప్పుడు ఒకదాని తర్వాత ఒకటి చూడండి, రెండూ ఒకేసారి నడుస్తుంటే 8 జీబీలో ఒకదాన్ని ఒకటి నెట్టేసుకుంటాయి. చూడటానికి షిఫ్ట్+ఎస్కేప్ నొక్కండి, రెండు బ్రౌజర్లలోనూ ఏ ట్యాబ్ ఎంత తింటోందో, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత తింటోందో విడివిడిగా చూపిస్తుంది. విండోస్ టాస్క్ మేనేజర్ కన్నా ఇదే పనికొస్తుంది.

టాస్క్ మేనేజర్‌లో ఒక బ్రౌజర్ కింద ఇరవై ప్రాసెస్‌లు కనిపిస్తే కంగారు పడకండి. ఒక సైట్ కోడ్ ఇంకో సైట్ డేటాని తొంగిచూడకుండా ప్రతి సైట్‌నీ వేరే ప్రాసెస్‌లో పెడతారు. డెస్క్‌టాప్ క్రోమ్‌లో ఇది 2018 నుంచి, ఫైర్‌ఫాక్స్‌లో 2021 నుంచి ఉంది. కొంచెం ర్యామ్ ఖర్చయినా పెట్టాల్సిన ఖర్చే.

ఇంకొకరి జవాబు:
పాస్‌వర్డుల విషయంలో తొందర పడకండి, ఇదొక్కటి మాత్రం నిదానంగా చేయాలి.

ఇన్‌స్టాల్ చేయగానే ‘ఇంపోర్ట్ బ్రౌజర్ డేటా’ అని అడుగుతుంది. బుక్‌మార్కులు, హిస్టరీ దాంతో వస్తాయి. విండోస్‌లో క్రోమ్ పాస్‌వర్డులు మాత్రం అలా నేరుగా రావు. దొంగ సాఫ్ట్‌వేర్ డేటాని కాజేయకుండా 2024లో క్రోమ్ 127తో మొదలుపెట్టి తాళాన్ని గట్టి చేశారు, క్రోమ్ తప్ప వేరే ప్రోగ్రాం దాన్ని విప్పలేదు. మంచి మార్పే, కానీ మారేవాళ్లకి ఒక మెట్టు పెరిగింది. సీఎస్‌వీ ఫైల్ (పట్టికని మామూలు అక్షరాల్లో దాచే ఫైల్) ద్వారా తెచ్చుకోవాలి.

క్రోమ్ మెనూలో గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ తెరిచి, అందులో సెట్టింగ్స్‌కి వెళ్లి ‘ఎక్స్‌పోర్ట్ పాస్‌వర్డ్స్’ దగ్గర ఫైల్ దింపుకోండి. విండోస్ పిన్ అడుగుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో మూడు గీతల మెనూ నొక్కి ‘పాస్‌వర్డ్స్’ తెరిచి, ఆ పేజీలో మూడు చుక్కలు నొక్కి ‘ఇంపోర్ట్ ఫ్రమ్ ఎ ఫైల్’ ఎంచుకోండి. ఎన్ని కొత్తగా చేరాయో, ఎన్ని తప్పు వచ్చాయో చివర్లో చూపిస్తుంది. ఆ అంకె చూడకుండా మూసేయకండి.

జాగ్రత్తపడాల్సినవి: ఆ ఫైల్‌లో మీ పాస్‌వర్డులన్నీ ఎవరైనా చదవగలిగే మామూలు అక్షరాల్లో ఉంటాయి. క్లౌడ్‌కి సింక్ అయ్యే ఫోల్డర్‌లో అస్సలు పెట్టవద్దు. పని అవగానే షిఫ్ట్+డిలీట్‌తో తీసేయండి, మామూలు డిలీట్ అయితే రీసైకిల్ బిన్‌లో కూర్చుంటుంది. ఫైల్ ఎలా ఉందో చూద్దామని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే పని చెడుతుంది: 004512 లాంటి పాస్‌వర్డ్ 4512 అయిపోతుంది, సమానం గుర్తుతో మొదలయ్యేదాన్ని ఫార్ములా అనుకుంటుంది. చూడక తప్పదనుకుంటే నోట్‌ప్యాడ్‌లో తెరవండి.

కుకీలు (మీరు లాగిన్ అయ్యారని సైట్ గుర్తుపెట్టుకునే చిన్న డేటా) ఈ దారిలో రావు కాబట్టి ప్రతి సైట్‌లో ఒకసారి లాగిన్ కావాలి. ఓటీపీ వచ్చే ఫోన్ పక్కన పెట్టుకుని ముందు ఈమెయిల్, బ్యాంకు, పని ఖాతాలు పూర్తి చేయండి.

అడిగినవారు:
ధన్యవాదాలండి. పాస్‌వర్డులు వచ్చాయి. కొన్ని సైట్లకి పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు పిన్‌తోనో వేలిముద్రతోనో లాగిన్ అయ్యే పద్ధతి) పెట్టుకున్నాను, అవి జాబితాలో కనిపించట్లేదు. లాగిన్ బటన్ సమస్య కూడా అలాగే ఉంది.

జవాబు:
పాస్‌కీలు సీఎస్‌వీలో రావు, వాటి తయారీయే అలాంటిది. ఆ సైట్లలో పాస్‌వర్డ్‌తోనో, పాత బ్రౌజర్‌తోనో లోపలికి వెళ్లి సెక్యూరిటీ పేజీలో కొత్త బ్రౌజర్ నుంచి ఇంకో పాస్‌కీ జోడించండి. విండోస్ హలోలోనో, ఫోన్‌లోనో భద్రపరుచుకోవచ్చు. కొత్తది ఒకసారి పనిచేసిందని చూసుకున్నాకే పాతదాన్ని తీసేయండి.

లాగిన్ బటన్ సంగతి. వరసగా చూడండి, ఒకేసారి అన్నీ మార్చేస్తే అసలు కారణం దొరకదు.

అడ్రస్ బార్‌కి ఎడమ పక్కనున్న షీల్డ్ బొమ్మ నొక్కి ఆ ఒక్క సైట్‌కి ట్రాకింగ్ రక్షణ ఆపి చూడండి. బటన్ పనిచేస్తే కారణం దొరికినట్టే. ఆ సైట్ లాగిన్‌ని వేరే డొమైన్‌లో నడుపుతోంది, ఆ స్క్రిప్టునో కుకీనో రక్షణ అడ్డుకుంది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ప్రతి సైట్ కుకీలనీ వేరే వేరే డబ్బాల్లో పెడుతుంది, ఒక డబ్బాలోది ఇంకో సైట్‌కి అందదు. ఆ ఒక్క సైట్‌కి ఆపి ఉంచితే చాలు, మొత్తం రక్షణని తగ్గించకండి.

దాంతో కుదరకపోతే మెనూలో ‘హెల్ప్’ కింద ట్రబుల్‌షూట్ మోడ్ ఉంటుంది. ఎక్స్‌టెన్షన్లన్నీ తాత్కాలికంగా ఆగి బ్రౌజర్ మళ్లీ తెరుచుకుంటుంది. అందులో పనిచేస్తే ఏదో ఎక్స్‌టెన్షన్ పని. అందులోనూ కాకపోతే సైట్ మీ బ్రౌజర్ పేరు చూసి ఆపుతోందేమో. అప్పుడు మెనూలోని ‘రిపోర్ట్ బ్రోకెన్ సైట్’ ద్వారా తెలియజేయండి, వృథా కాదు. వెబ్ పేజీ నుంచి యూఎస్‌బీ, బ్లూటూత్ పరికరాలతో నేరుగా మాట్లాడే సైట్లు అయితే ఫైర్‌ఫాక్స్‌లో పనిచేయవు. వాటికి క్రోమ్, ఎడ్జ్ లాంటి క్రోమియం రకం బ్రౌజర్ ఒకటి ఉంచుకోవాల్సిందే.

ఆఫీసు లోపలి సైట్లు మాత్రమే ‘సర్వర్ దొరకలేదు’ అంటే ప్రైవసీ సెట్టింగ్స్‌లో డీఎన్‌ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ (సైట్ పేరుకి చిరునామాని బయటి డీఎన్‌ఎస్ సర్వర్‌ని రహస్యంగా అడిగే పద్ధతి) ఆపి చూడండి. లోపలి పేర్లు బయటి డీఎన్‌ఎస్‌కి తెలియవు కదా.

అడిగినవారు:
షీల్డ్ ఆపగానే లాగిన్ అయింది. ఇంకో రెండు. వీడియో చూస్తుంటే ఫ్యాన్ హోరుమంటోంది, కదలిక ఆగి ఆగి వస్తోంది. తెలుగు అక్షరాలు కొన్ని సైట్లలో సన్నగా, వత్తులు ఇరుకుగా కనిపిస్తున్నాయి.

జవాబు:
వీడియోకి: జనరల్ సెట్టింగ్స్‌లో ‘పర్ఫార్మెన్స్’ దగ్గర సిఫారసు సెట్టింగ్స్ టిక్ తీస్తే కింద ‘హార్డ్‌వేర్ యాక్సిలరేషన్’ కనిపిస్తుంది. అది ఆన్‌లో ఉండాలి, వీడియో పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించేది అదే. గ్రాఫిక్స్ డ్రైవర్ పాతదైతే ఆన్‌లో ఉన్నా ఉపయోగం ఉండదు, ముందు డ్రైవర్ అప్‌డేట్ చేయండి.

అయినా తగ్గకపోతే కోడెక్ (వీడియోని కుదించి పంపే పద్ధతి) చూడండి. యూట్యూబ్ వీడియో మీద కుడి క్లిక్ చేసి ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ తెరవండి. కోడెక్ దగ్గర ఏవీ01 అని ఉంటే అది ఏవీ1. మీ గ్రాఫిక్స్ చిప్‌లో దాన్ని విప్పే సౌకర్యం లేకపోతే భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది, అందుకే ఫ్యాన్ మోత. అక్కడే ‘డ్రాప్డ్ ఫ్రేమ్స్’ అంకె పెరుగుతూ ఉంటుంది. ‘హెల్ప్’ మెనూలో ట్రబుల్‌షూటింగ్ సమాచారం పేజీ తెరిచి మీడియా భాగం చూస్తే, ఏ కోడెక్‌కి హార్డ్‌వేర్ తోడు ఉందో పట్టిక ఉంటుంది. ఏవీ1కి లేకపోతే, అడ్రస్ బార్‌లో about:config అని కొడితే వచ్చే కాన్ఫిగ్ పేజీలో ‘మీడియా డాట్ ఏవీ1 డాట్ ఎనేబుల్డ్’ని ఫాల్స్ చేయండి. సైట్ అప్పుడు పాత కోడెక్‌లో పంపుతుంది. ఆ పేజీలో మిగతావి కదపకండి, ఇంటర్నెట్‌లో దొరికే ‘వేగం పెంచే యాభై మార్పులు’ లాంటి జాబితాలు ఎక్కువగా కాలం చెల్లినవి.

అక్షరాలకి: సెట్టింగ్స్‌లో ఫాంట్స్ దగ్గర ‘అడ్వాన్స్‌డ్’ నొక్కండి. పైన భాషల జాబితాలో తెలుగు ఎంచుకోండి, దీన్ని వదిలేస్తే మీరు చేసే మార్పు ఇంగ్లిషుకే వర్తిస్తుంది. సెరిఫ్, శాన్స్ సెరిఫ్ రెండిటికీ నిర్మలా యూఐ గానీ, ఇన్‌స్టాల్ చేసుకుని ఉంటే నోటో శాన్స్ తెలుగు గానీ పెట్టండి. సైజు 16 నుంచి 18కి పెంచితే గుణింతాలు విడిగా తెలుస్తాయి. ‘పేజీలు తమ సొంత ఫాంట్లు వాడుకోవచ్చు’ అన్న టిక్ మాత్రం తీయకండి, తీస్తే చాలా సైట్లలో బటన్ల బొమ్మలు ఖాళీ పెట్టెలుగా మారతాయి. వత్తులు కింద తెగిపోతుంటే అది సైట్ వాళ్లు వరసల మధ్య ఎడం తక్కువ పెట్టడం వల్ల, ఫాంట్ మార్చినా పోదు.

ఇంకొకరి జవాబు:
ఎక్స్‌టెన్షన్ల గురించి ఒక మాట. క్రోమ్ 2025లో పాత రకం ఎక్స్‌టెన్షన్లకి మద్దతు పూర్తిగా తీసేసింది కాబట్టి అక్కడ యాడ్ బ్లాకర్ యూబ్లాక్ ఆరిజిన్ బదులు లైట్ వెర్షనే నడుస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో పూర్తిది నడుస్తుంది. మారడానికి నా దృష్టిలో గట్టి కారణం ఇదే. పాతవన్నీ ఒకేసారి పెట్టుకోకండి. రోజుకొకటి చొప్పున పెడితే ఏది బరువో తెలుస్తుంది. పేరు ఒకటే అయినా తయారుచేసినవారు వేరే ఉండొచ్చు, డెవలపర్ పేరు చూసి పెట్టుకోండి.

అడిగినవారు:
ఇప్పుడు పాత బ్రౌజర్ తీసేయవచ్చా?

జవాబు:
ఇంకో నెల ఉంచండి. నెలకోసారి తెరిచే సైట్లు ఇంకా మిగిలి ఉంటాయి. తీసే ముందు ఫైర్‌ఫాక్స్‌ని డీఫాల్ట్ చేయడమే కాదు, విండోస్ డీఫాల్ట్ యాప్స్‌లో పీడీఎఫ్ ఎవరి చేతిలో ఉందో విడిగా చూసుకోండి, అది బ్రౌజర్‌తో పాటు మారకపోవచ్చు. ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ ఫోల్డర్‌ని బ్రౌజర్ మూసి ఉన్నప్పుడు వేరే డిస్క్‌కి కాపీ చేసుకోండి. ట్రబుల్‌షూటింగ్ పేజీలోనే దాన్ని తెరిచే బటన్ ఉంటుంది. అందులో ‘ప్లేసెస్’ ఫైల్‌లో బుక్‌మార్కులు, హిస్టరీ ఉంటాయి. ‘లాగిన్స్’, ‘కీ4’ ఫైళ్లు రెండూ కలిస్తేనే పాస్‌వర్డులు, ఒకటి లేకుండా రెండోది పనికిరాదు. సింక్ ఉంది కదా అని దీన్ని మానేయకండి, ఒక చోట పొరపాటున చెరిపింది సింక్ అన్ని చోట్లా చెరిపేస్తుంది.

క్రోమ్ అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘బ్రౌజింగ్ డేటా కూడా తొలగించు’ అని ఒక టిక్ అడుగుతుంది. పాస్‌కీలన్నీ మార్చుకున్నారని ఖాయం చేసుకునేదాకా అది పెట్టకండి.