డీ అండ్ డీలో మంచి రాక్షసుడిని ఆడనివ్వాలా?

పాచికలపెట్టె

మేం ఐదుగురం ఏడాదిన్నరగా ఆదివారం మధ్యాహ్నాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఆడుతున్నాం. పాచికలు వేస్తూ, తలా ఒక పాత్రగా కథ నడిపే ఆట. ఐదో ఎడిషన్. డీఎం, అంటే కథ చెప్పి ఆట నడిపించే మనిషి, నేనే. పోయిన వారం మాలో ఒకతని క్యారెక్టర్ చచ్చిపోయింది, కొత్త క్యారెక్టర్ వివరాలతో షీట్ రాసుకొచ్చాడు. జాతి అన్న గడిలో పెన్సిల్‌తో ‘రాక్షసుడు’ అని ఉంది. అన్న చేసే అన్యాయం చూడలేక కోట వదిలేసి వచ్చిన తమ్ముడట.

నేను వద్దన్నాను. ఆట పుస్తకం ప్రకారం రాక్షస అంటే ఫీండ్ (నరకలోకాల దుష్టజీవి), నైన్ హెల్స్ అనే నరకం నుంచి వచ్చిన పులి తల జీవి, దాని బుద్ధే చెడ్డది, అందులో మంచివాడు ఉండడం కుదరదని చెప్పాను. అతను ఒకటే అడిగాడు: “మరి విభీషణుడు ఎవరు?” నాకు జవాబు తోచలేదు. ఆ రోజు ఆట అక్కడితో ఆగిపోయింది, ఎవరూ సరిగా మాట్లాడుకోకుండానే ఇళ్ళకి వెళ్ళిపోయారు. అప్పటినుంచీ మనసులో అదే తిరుగుతోంది. పుట్టుకతోనే చెడ్డ జాతి అనేది ఆటలో ఉండాలా, వద్దా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

తొమ్మిదోనరకం

మీరు చేసింది కరెక్టేనండీ. ఫీండ్‌ని మనం జాతి అనుకోవడం దగ్గరే తేడా వస్తోంది. ఫీండ్లలో ఒక రకం డెమన్లు, అబిస్ అనే లోకంలో ఉంటారు. వాళ్ళకి అమ్మానాన్నలు ఉండరు. పాపాత్ముల ఆత్మలు అక్కడ పడి మేన్ అనే అట్టడుగు జీవులవుతాయి, పైవాళ్ళు వాటిలోంచే తయారవుతారు. నైన్ హెల్స్‌లో ఉండే ఇంకో రకం, డెవిల్స్‌దీ ఇంచుమించు ఇదే వరస. లెమ్యూర్ అనే కరిగిన ముద్దలాంటి జీవితో మొదలై, పైఅధికారి మెచ్చితే ఒక్కో మెట్టు ఎక్కుతారు. డెమన్ కనిపించినదల్లా కూలుస్తాడు. డెవిల్ నవ్వుతూ ఒప్పందం రాయించుకుని, అందులోని ఒక్క షరతుతో ఆత్మని పట్టుకుపోతాడు. ఈ రెండు గుంపుల మధ్య బ్లడ్ వార్ అనే యుద్ధం ఎన్ని యుగాలుగా నడుస్తోందో మీకు తెలుసు. చెడ్డతనమే వాళ్ళ ఒంటికి మట్టీ నీరూ. దాన్ని తీసేస్తే మిగిలేదేమీ లేదు.

ఆటకి ఇలాంటి శత్రువు కావాలి. 1989లో రెండో ఎడిషన్ వచ్చినప్పుడు, బయటి విమర్శలకి భయపడి డెమన్, డెవిల్ అన్న పేర్లే తీసేశారు. తర్వాత తనారి, బాటెజు అని కొత్త పేర్లు పెట్టి తీసుకొచ్చారు. చివరికి 2000లో మూడో ఎడిషన్‌తో పాత పేర్లు వెనక్కి వచ్చాయి. చెడుని చెడు అని పిలవడానికి మొహమాటపడితే కథ చప్పబడిపోతుందని నేను గట్టిగా నమ్ముతాను.

నియమాల సంగతి కూడా చూడండి. 2014 పుస్తకంలో రాక్షసుడికి, తను ఒప్పుకుంటే తప్ప, ఆరో స్థాయి దాకా ఏ మంత్రమూ అంటదు. మన మంత్రగాళ్ళకి ఏడో స్థాయి మంత్రం దొరికేదే 13వ లెవెల్‌లో. అలాంటిది ప్లేయర్ చేతికిస్తే మిగతావాళ్ళు ఏం ఆడతారు?

అరణ్యకాండ

డెమన్, డెవిల్ గురించి తొమ్మిదోనరకం గారు చెప్పింది ఒప్పుకుంటాను. రాక్షసుడిని తీసుకెళ్ళి ఆ వరసలో నిలబెట్టడమే నాకు బాధ.

ఆటలోకి ఈ పేరు ఎలా వచ్చిందో చూడండి. 1974లో ఒక అమెరికన్ టీవీ సీరియల్ ఎపిసోడ్‌లో రాక్షసుడు వచ్చాడు. మనం నమ్మేవాళ్ళ రూపంలో దగ్గరికొచ్చి చంపేస్తాడు, మంత్రించిన బాణం తగిలితే చస్తాడు. ఆట సృష్టికర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్ దాన్ని చూసి 1975లో ఆటలోకి తెచ్చాడు. 1977 పుస్తకంలో పులి తలతో, చేతిలో పొగ గొట్టంతో బొమ్మ వేశారు. ఆ బొమ్మే స్థిరపడిపోయింది. తర్వాతి ఎడిషన్లలో చెప్పే నరకం కథ కూడా వాళ్ళు అల్లుకున్నదే. అది వాళ్ళ ఇష్టం, తప్పు పట్టను. కానీ పేరు మాత్రం మన ఇంట్లోంచి వెళ్ళింది.

మన ఇంట్లో ఆ పేరుకి వేరే కథ ఉంది. ఉత్తరకాండలో బ్రహ్మ నీళ్ళని సృష్టించి, వాటిని కాపాడమని ప్రాణులకి చెబితే, ‘రక్షామః’, అంటే కాపాడతాం అన్నవాళ్ళు రాక్షసులయ్యారు. ‘యక్షామః’ అన్నవాళ్ళు యక్షులయ్యారు. రావణుడు పులస్త్యుడి మనవడు, విశ్రవసుడి కొడుకు. కైకసి కడుపున రావణుడు, కుంభకర్ణుడు, శూర్పణఖ పుట్టారు, ఆ కడుపునే విభీషణుడూ పుట్టాడు. తపస్సు చేసి వరం అడగమంటే, ఎంత ఆపద వచ్చినా నా బుద్ధి ధర్మం తప్పకూడదు అన్నాడు. రాక్షస కులంలో పుట్టి కూడా నీ బుద్ధి అధర్మం వైపు పోలేదు కదా అని మెచ్చి, అడగని అమరత్వం కూడా ఇచ్చాడు బ్రహ్మ. అశోకవనంలో సీతకి ధైర్యం చెప్పిన త్రిజట రాక్షస స్త్రీయే. హనుమంతుడు తెల్లవారుజామున లంకలో విన్నది వేదఘోష.

అమ్మ, నాన్న, తాత, పెళ్ళిళ్ళు, అన్నదమ్ముల తగాదాలు. ఇవన్నీ ఉన్నవాళ్ళని మేన్, లెమ్యూర్ పక్కన పెట్టకూడదు. మీ ప్లేయర్ అడిగింది సరైన ప్రశ్న, ఆడనివ్వండి.

కొమ్ములపిల్ల

నేను ఆరేళ్ళుగా టీఫ్లింగ్‌నే (నరకం రక్తం ఉన్న మనిషిలాంటి జాతి) ఆడుతున్నాను, అందుకే రాస్తున్నా. 1994లో ప్లేన్‌స్కేప్ అనే ఆట ప్రపంచంతో వచ్చిన జాతి ఇది. 2008లో నాలుగో ఎడిషన్ మొదటి పుస్తకంలోకే తీసుకున్నారు. పూర్వీకుల్లో ఎవరో చేసిన పనికి కొమ్ములు, తోక మోస్తూ పుడతాం. 2024 పుస్తకంలో ‘రేస్’ అన్న మాట తీసి ‘స్పీసీస్’ అన్నారు. టీఫ్లింగ్ వారసత్వం కూడా మూడు రకాలు చేశారు, డెమన్ల వైపు నుంచి వచ్చింది అందులో ఒకటి. నరకం రక్తం ఉన్న నన్ను మంచిదానిగా ఆడనిచ్చే ఆటలో రాక్షసుడికి ఎందుకు కుదరదు?

ఒక్క మాట మాత్రం చెప్పాలి. నా క్యారెక్టర్ ఊళ్ళోకి రాగానే తలుపులు మూసుకునే రోజులే నాకు ఎక్కువ గుర్తున్నాయి. అందరూ మొదటిరోజే నవ్వుతూ పలకరించేస్తే ఈ జాతిని ఎంచుకున్నందుకు అర్థం ఉండదు.

తొమ్మిదోనరకం

అరణ్యకాండ గారూ, మీరు మన ఇంటి కథ అన్నారు కాబట్టి నేనూ అక్కడి నుంచే అడుగుతాను. మన తెలుగువాళ్ళకి రాక్షసుడు అనగానే ఎస్వీ రంగారావు గారి ఘటోత్కచుడు కళ్ళ ముందుకొస్తాడు, ముద్దొస్తాడు కూడా. కానీ ద్రోణపర్వంలో అతను కర్ణుడి శక్తి అనే ఆయుధానికి పడిపోతే పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషించాడు. కర్ణుడు చంపకపోతే నేనే చంపవలసి వచ్చేది, వీడు యజ్ఞాలకి శత్రువు అన్నాడు. భీముడి కొడుకు, పాండవుల కోసం ప్రాణమిచ్చినవాడు, అతనికే ఆ మాట తప్పలేదు. అంటే మన కథల్లో కూడా ఆ పుట్టుక మీద అనుమానం ఉన్నట్టే కదా?

విభీషణుడు గొప్పవాడు అయింది లంకలో అలాంటివాళ్ళు అరుదు కాబట్టే. ప్రతి టేబుల్ మీదా ఒక విభీషణుడు కూర్చుంటే ఆ గొప్ప ఎక్కడుంటుంది? నా భయం అదే.

అరణ్యకాండ

మంచి ప్రశ్న వేశారు, రెండు రోజులు ఆలోచించాను. ద్రోణపర్వంలో ఆ మాట ఉంది, కాదనను. అయితే కృష్ణుడు చెప్పిన కారణం చూడండి. యజ్ఞాలని ద్వేషించాడు, ధర్మాన్ని చెడగొట్టాడు అన్నాడు. అవి చేతలు. హిడింబి కడుపున పుట్టాడు కాబట్టి అనలేదు. తప్పు చేస్తే రాక్షసుడికైనా లెక్క తప్పదు అంటే నాకు సమ్మతమే, నా వాదన అక్కడే బలపడుతుంది.

మీ రెండో మాటకి మాత్రం తల వంచుతున్నాను. అరుదుగానే ఉండాలి. నేను డీఎం అయితే క్యాంపెయిన్ (నెలల తరబడి సాగే ఒక కథ) మొత్తానికి ఒక్కడినే ఒప్పుకుంటాను, అతని వాళ్ళందరూ అవతలి పక్షంలోనే ఉంటారు. విభీషణుడు వచ్చి ఆకాశంలో నిలబడినప్పుడు సుగ్రీవుడు చంపేద్దామన్నాడు, గూఢచారేమో అన్నాడు. ఆ అనుమానం మీ టేబుల్ మీద కూడా ఉండనివ్వండి.

పాచికలపెట్టె

అందరికీ థాంక్స్. నిన్న ఆదివారం మళ్ళీ కూర్చున్నాం. ముందుగా అతనికి సారీ చెప్పాను. పుస్తకంలోని రాక్షస గుణాలు తీసుకోం, నియమాలన్నీ టీఫ్లింగ్‌వే, మంత్రాలు అంటని శక్తి ఉండదు. పులి తల అతనే వద్దన్నాడు. ఆటలో రాక్షసుడికి అరచెయ్యి ఉండాల్సిన చోట చేతి వెనకభాగం ఉంటుంది కదా, అది మాత్రం ఉంచమని అడిగాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఆటలో పార్టీ, అంటే మా క్యారెక్టర్ల గుంపు, ఒక కొండ ఊరికి చేరింది. గుడి దగ్గర ముసలి పూజారి ఎదురొచ్చాడు. మా ప్లేయర్ తన రాక్షసుడు ముసుగు తీయకుండానే దణ్ణం పెడతాడన్నాడు. టేబుల్ దగ్గర లేచి నిలబడి, రెండు చేతుల వెనకభాగాలు ఆనించి, అరచేతులు బయటికి కనబడేలా పెట్టి చూపించాడు. ఆ రాక్షసుడికి దణ్ణం అంతకంటే ఎలా పెట్టాలో తెలియదు, చేతులు అలాగే కలుస్తాయి. ఎవరూ మాట్లాడలేదు. నేను సెషన్ అక్కడ ఆపేశాను.

గుడి గోడకి మంత్రించిన బాణాలు వేలాడుతున్నాయని అంతకు ముందే చెప్పి ఉన్నాను. పూజారి చెయ్యి ఎటు వెళ్తుందో వచ్చే ఆదివారం నేను చెప్పాలి.