విండోస్ 11 లేవడం లేదు: వీఎమ్‌డీ ఆపితే డేటాకి ప్రమాదమా?

ల్యాప్‌టాప్ ఇంటెల్ 11వ తరం, 512 జీబీ ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీ. ఆన్ చేస్తే లోగో వస్తుంది, చుక్కలు కాసేపు తిరుగుతాయి, ఆపైన నీలి తెర: ‘ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్’. సేఫ్ మోడ్‌లోనూ అంతే.

బయోస్‌లో తేదీ, టైము మొదటికి వచ్చేశాయి. సీమాస్ బ్యాటరీ (బయోస్ సెట్టింగులను, గడియారాన్ని నిలిపి ఉంచే చిన్న సెల్) అయిపోయి సెట్టింగులన్నీ డీఫాల్ట్‌కి వెళ్లాయని అనుమానం. వీఎమ్‌డీ కంట్రోలర్ (ఎన్‌వీఎమ్‌ఈ డ్రైవులను తన కిందకి తీసుకునే ఇంటెల్ ఏర్పాటు) ఇప్పుడు ఎనేబుల్ అయి ఉంది. విండోస్ 11 పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, షిఫ్ట్ ఎఫ్10 నొక్కి, డిస్క్‌పార్ట్‌లో (డిస్కులు చూపే కమాండ్) ‘లిస్ట్ డిస్క్’ కొడితే పెన్‌డ్రైవ్ ఒక్కటే కనిపిస్తోంది. అందుకే బూట్ ఫైళ్లను బాగుచేసే ‘బూట్‌రెక్’ కమాండ్ జోలికి పోలేదు. డ్రైవే కనబడనప్పుడు అది దేన్ని బాగుచేస్తుంది? ఉబుంటు లైవ్‌లో మాత్రం పార్టిషన్లన్నీ ఉన్నాయి, డ్రైవ్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్టులో మీడియా ఎర్రర్లు సున్నా. వైజాగ్ ఉప్పుగాలి కదా అని ఎమ్.2 కాంటాక్టులూ చూశాను, శుభ్రంగానే ఉన్నాయి.

వీఎమ్‌డీ ఆపబోతే ‘డేటా చెరిగిపోవచ్చు’ అని బయోస్ హెచ్చరిస్తోంది. రెయిడ్ వాల్యూమ్ (కొన్ని డ్రైవులు కలిపి ఒక్కటిగా వాడేది) ఏదీ లేదు, ఉన్నది ఒక్క డ్రైవే. అలాంటప్పుడు ఆ హెచ్చరిక నిజంగా వర్తిస్తుందా? సీ డ్రైవ్‌కి బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ ఉంది, 48 అంకెల రికవరీ కీ దగ్గరే ఉంది. లేక వీఎమ్‌డీని అలాగే ఉంచి, ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ స్టోరేజ్ డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్ బూట్‌లోనే ‘డీఆర్‌వీలోడ్’ కమాండ్‌తో ఎక్కించి ముందు డేటా కాపీ చేసుకోవడం మేలా?

ఇంకోటి: సీమాస్ బ్యాటరీ మార్చడానికి రెండు పిన్నుల వైరుతో వచ్చే సీఆర్2032 సెల్ ద్వారకానగర్, డాబాగార్డెన్స్ వైపు ఎక్కడైనా దొరుకుతుందా? మామూలు సెల్‌కి వైరు సోల్డర్ చేయడం నాకిష్టం లేదు, వేడికి అది పగలొచ్చు.