ఎత్తుల ఫైల్లో ‘ఎంఎస్ఎల్’ (సగటు సముద్రమట్టం) అని రాస్తే సరిపోతుందా?

యారాడకొండ: విశాఖ తీరం ఎత్తులూ లోతులూ కలిపి ఒక నెట్‌సీడీఎఫ్ (శాస్త్ర డేటా దాచే ఫార్మాట్) ఫైలు చేస్తున్నాం. ఒకటి ఉపగ్రహ డేటా, ఒకటి పాత పోర్టు లెవెలింగ్ (నేల ఎత్తులు కొలిచిన) రికార్డు, ఒకటి జీపీఎస్ సర్వే. మూడింటిలోనూ ‘మీటర్లు, ఎంఎస్ఎల్’ అనే ఉంది. సున్నా ఎక్కడ పట్టుకున్నారో చెప్పే డేటమ్ పేరు లేని డేటాను తీసుకోకూడదని నా వాదన.

పాతసర్వేయర్: ఎంఎస్ఎల్ అంటే ఎంఎస్ఎల్లే బాబూ. సర్వే ఆఫ్ ఇండియా ఆటుపోట్లు కొలిచే తొమ్మిది టైడ్ గేజ్‌ల సగటు మట్టాన్ని సున్నాగా పట్టుకుని 1909 నాటికి దేశమంతా లెవెల్స్ సరిచేసింది. ఆ తొమ్మిదిలో మన విశాఖ గేజ్ ఒకటి. ఈ ఊళ్లో కూర్చుని ఏ ఎంఎస్ఎల్ అని అడుగుతావా?

యారాడకొండ: అడగాల్సిందే గురువుగారూ. ఆర్కే బీచ్ ఇసుకలో జీపీఎస్ పెట్టి ఎలిప్సాయిడ్ ఎత్తు (భూమికి లెక్క కోసం గీసిన నున్నటి ఆకారం నుంచి ఎత్తు) చూడండి, మైనస్ అరవై మీటర్లు దాటి ఉంటుంది. ఇక్కడ జియాయిడ్, అంటే గురుత్వాకర్షణను బట్టి లెక్కగట్టిన సముద్రమట్టం, అంత కిందికి ఉంది మరి. ఉపగ్రహ డేటాలో ఎస్ఆర్‌టీఎం ఎత్తులు ఈజీఎం96 అనే జియాయిడ్ మోడల్ మీద, కోపర్నికస్‌వి ఈజీఎం2008 మీద. జనం రెండింటికీ ఎంఎస్ఎల్ అనే రాసేస్తారు. డేటమ్‌లకు నంబర్లిచ్చే ఈపీఎస్‌జీ జాబితాలో 5714 కోడ్ కూడా ఉత్త ‘ఎంఎస్ఎల్ హైట్’. ఏ గేజ్, ఏ కాలం అన్నది అందులో లేదు.

భీమిలి_అల: పోర్టు లోతులు చార్ట్ డేటమ్ (ఓడల మ్యాపుల్లో లోతులు కొలిచే సున్నా) నుంచి కదా. ఎంఎస్ఎల్‌కి అది మీటరుకి కాస్త తక్కువ దిగువన ఉంటుంది.

పాతసర్వేయర్: అది తెలియనిదెవరికి?

యారాడకొండ: రేపు హైదరాబాద్‌లో ఈ ఫైలు తెరిచే కుర్రాడికి.

గాజువాక77: ఫైల్లో ‘పాజిటివ్’ అన్నచోట అప్ (పైకి) పెట్టారా, డౌన్ (కిందికి) పెట్టారా? ముందు అది చెప్పండి.

యారాడకొండ: పెట్టాం. అది దిశ చెబుతుందంతే, సున్నా ఎక్కడుందో చెప్పదు. దానికి నెట్‌సీడీఎఫ్ ఫైళ్లలో వివరాలు రాసే పద్ధతి, సీఎఫ్ కన్వెన్షన్‌లో ‘జియాయిడ్ నేమ్’, ‘జియోపొటెన్షియల్ డేటమ్ నేమ్’ ఉన్నాయి. ఎలిప్సాయిడ్ ఎత్తుకైతే స్టాండర్డ్ నేమే వేరు. రెండు లైన్ల పని.

పాతసర్వేయర్: రెండు లైన్లట! మా లెవెల్ పుస్తకాలు ఒక ఆఫీసుకి అప్పగించాం. ఎత్తు గుర్తుగా పాతిన బెంచ్‌మార్క్ రాయి ఎక్కడుంది, విలువెంత, ఏ రోజు కట్టాం, అన్నీ మార్జిన్లో పెన్సిల్‌తో రాసి ఉండేవి. వాళ్లు అంకెలు మాత్రం కంప్యూటర్‌కి ఎక్కించి పుస్తకాలు తూకానికి అమ్మేశారు. ఇప్పుడు నువ్వొచ్చి పేరు లేదు, చెల్లదు అంటున్నావు.

యారాడకొండ: మీ పుస్తకాల మాట నేనెత్తలేదే.

పాతసర్వేయర్: పోర్టు లెవెలింగ్ అంటే ఎవరిదనుకున్నావు? ఎండలో స్టాఫ్ (కొలత కర్ర) పట్టుకుని నిలబడ్డ మాది. పేరు తప్పనిసరి చెయ్యి, ఎవడో ఒకడు ‘1909’ అని నింపేస్తాడు, ఫైలు పాసైపోతుంది. దొంగ పేరుకంటే ఖాళీయే నయం.

యారాడకొండ: అయితే తెలియని డేటమ్‌ని ఏం చేయాలన్న దగ్గరే మనకు పేచీ. ఉప్పెన మ్యాపులో అర మీటరు తేడా వస్తే ఏ వీధి ఖాళీ చేయించాలో మారిపోతుంది. ఆ రిస్క్ నేను తీసుకోను.

భీమిలి_అల: డేటమ్ ‘తెలియదు’ అని రాసి, తెలిసిన వివరం కామెంట్‌లో పెడితే?

యారాడకొండ: పెట్టొచ్చు. ఉప్పెన మోడల్లో మాత్రం వాడను.

పాతసర్వేయర్: వాడకు, కానీ తీసేయకు. పాత ఊళ్లో మా రాళ్లు రెండు ఇంకా ఉన్నాయి. వాటి మీద జీపీఎస్ పెడితే మిగతా లెవెల్స్ అన్నీ కట్టుకోవచ్చు.

యారాడకొండ: ఇన్నేళ్లలో ఆ రాళ్లు కుంగలేదని ఎలా చెబుతారు?

పాతసర్వేయర్: ఒక రాయి నుంచి ఇంకో రాయికి లెవెల్ కట్టి చూసుకో. తేడా పాత లెక్కకి సరిపోకపోతే అప్పుడు తీసెయ్.