కూలంట్ డబ్బాలో బోరు నీళ్లు పోశాను, ఇప్పుడేం చేయాలి?

నాది 2014 పెట్రోల్ కారు. మొన్న విజయవాడ వెళ్తుంటే సూర్యాపేట దాటాక టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా లేచింది. పక్కన ఆపి, గంట చల్లారాక చూస్తే డబ్బా ఖాళీ. దగ్గర్లో దొరికినవి హోటల్ బోరు నీళ్లే. లీటరున్నర పోసి ఇంటికి చేరాను. ఇప్పుడు పైన ఆకుపచ్చ కూలంట్ కలిపేస్తే సరిపోతుందా?

జవాబు: చల్లారేదాకా ఆగారు, బతికిపోయారు. నేను ఆగకుండా వేడి మీద రేడియేటర్ మూత తిప్పాను. మోచేతి మీద మచ్చ ఇంకా ఉంది. కలిపేయకండి అన్నా, మొత్తం దింపేయండి. బోరు నీళ్ల సున్నం లోపల పేరుకుపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి కొత్తది పోయండి. రంగు చూసి కొనొద్దు, మాన్యువల్‌లో రాసిన రకమే కొనండి. రెడీమిక్స్ అయితే నీళ్లు కలపక్కర్లేదు. పోశాక గాలి బుడగలు పోయేదాకా ఇంజన్ నడిపి, చల్లారాక మళ్లీ మట్టం చూడండి.

ఇంకో జవాబు: అసలు లీటరున్నర ఎటు పోయింది? రాత్రి కారు కింద అట్టముక్క పరచండి. తడి లేకపోతే ఆయిల్ డిప్‌స్టిక్ చూడండి, పాలు కలిపిన టీలా ఉంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్‌లో ఆయిల్, కూలంట్ కలవకుండా ఆపే సీలు) పోయిందని అనుమానమే. పాత కూలంట్ వాకిట్లో పారబోయకండి, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, విషం.

ప్రశ్న అడిగింది నేనే: అట్ట తడిసింది, వాటర్ పంపు కిందే. రేపు మెకానిక్ దగ్గరికి.