వెంచర్ల మధ్య దారులు ఎందుకు కలవడం లేదు?

ప్రశ్న (పొదలకూరు రోడ్డు, నెల్లూరు)
మా ఇల్లు ఒకప్పటి మాగాణిలో వేసిన వెంచరులో ఉంది. మేడ మీద నిలబడితే పిల్లల బడి గంట వినిపిస్తుంది. అడ్డంగా ఉన్నది ఆరడుగుల ప్రహరీ గోడ ఒక్కటే. అయినా బడికి చేరాలంటే మెయిన్ రోడ్డెక్కి, పక్క వెంచరు ఆర్చి కింద నుంచి రెండు కిలోమీటర్లు చుట్టి రావలసిందే. నెల్లూరులోనే పాత పేట అయిన మూలాపేటలో పెరిగిన నాకు ఒక సందు మూసుకుపోతే ఇంకో సందులోంచి బయటపడడం అలవాటు. ఊరు పెరిగేకొద్దీ దారులు ఎందుకు తగ్గుతున్నాయి?

జవాబు 1
దారుల పొడవు పెరుగుతూనే ఉంది. తగ్గుతున్నది వాటి కలయిక. ప్రతి కూడలిలోనూ ఎన్ని దారులు కలుస్తున్నాయో, ఎన్ని వీధులు కొసన మూసుకుపోతున్నాయో లెక్కించి దీన్ని కొలుస్తారు. బారింగ్టన్-లీ, మిల్లార్డ్-బాల్ అనే పరిశోధకులు అమెరికాలో కొత్త వీధుల కలయిక 1990ల మధ్యదాకా క్షీణించి, తర్వాత కొంత మెరుగుపడిందని 2015లో చూపారు. 2020లో వారే ప్రపంచమంతటినీ పరిశీలిస్తే, చాలా దేశాల్లో 1975 నుంచి పరిస్థితి దిగజారుతూ వచ్చిందని తేలింది. ఇంటిని పడగొట్టి కట్టుకోవచ్చు గాని, రిజిస్ట్రేషన్లు అయిపోయిన ప్లాట్ల మధ్య కొత్త వీధి తీయాలంటే ఎందరి సంతకాలు కావాలో ఆలోచించండి.

జవాబు 2 (ఒంగోలు)
నేను లేఅవుట్ ప్లాన్లు గీస్తాను. నా ముందుకు వచ్చేది నాలుగైదు ఎకరాల సర్వే నంబరు. పక్క పొలంలో రేపు ఏం వస్తుందో అందులో ఉండదు. రోడ్డును హద్దు దాకా తీసుకెళ్తే రెండు ప్లాట్లు పోతాయని యజమాని బాధపడతాడు. అయితే వీధికి ఎదురుగా పడిన ప్లాటును వీధిపోటు అని కొనడానికి జనం వెనకాడతారు. దారిని ముందుకు పోనిస్తే ఆ పోటే ఉండదని చెప్పి ఒకరిద్దరిని ఒప్పించగలిగాను.

జవాబు 3
ముందు గ్రామ పటం, ఎఫ్ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పుస్తకం) నకళ్లు తీసుకోండి. ఆ గోడ పాత డొంక మీదుగా పోతూ ఉంటే ఆ డొంక పోరంబోకు, దాన్ని మూసే హక్కు ఎవరికీ లేదు. పైగా అనుమతి పొందిన లేఅవుట్లలో రోడ్లను గిఫ్ట్ డీడు ద్వారా స్థానిక సంస్థకు అప్పగిస్తారు. బండ్లు పోయేంత దారి దొరకకపోయినా, పిల్లలు నడిచేందుకు నాలుగడుగుల సందు అడగండి.

ప్రశ్నించినవారు
మా ప్లాను తీసి చూశాను. మా ఐదో వీధి గోడ దాకా రోడ్డుగానే గీసి ఉంది. అవతలి వీధి కూడా సరిగ్గా అదే సూటిలో గోడను తాకుతోంది. సోమవారం అర్జీ ఇస్తున్నాను.