ట్యాబ్ దగ్గర ఆగిపోయే ఫైలు పేర్లు: తప్పు తెలుగుదా, మనదా?

చంపావతి (విజయనగరం):
మా చుట్టుపక్కల ఊళ్ల తప్పెటగుళ్ల ప్రదర్శనలను రికార్డు చేసి, లినక్స్ కంప్యూటరులో తెలుగు పేర్లతో దాచుకుంటున్నాను. మొన్న, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో "తప్పె" అని కొట్టి, మిగతా పేరును పూరించే ట్యాబ్ మీట నొక్కితే పేరు "తప్పెటగుళ్" దగ్గర ఆగిపోయింది. మళ్లీ నొక్కితే రెండు పేర్లు కనిపించాయి: ఒకదానిలో ళకు ళ వత్తు, మరొకదానిలో ళకు ల వత్తు. రెండూ నేను పెట్టినవే. ఏ యంత్రంలోనైనా చెల్లుతాయని యూనిక్స్, లినక్స్ వంటి వ్యవస్థల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్ చెప్పే గుర్తులు రోమన్ అక్షరాలు, అంకెలు, చుక్క, అండర్‌స్కోర్, హైఫన్ మాత్రమే కనుక, ఇకపై వాటికే కట్టుబడటం మేలనిపిస్తోంది.

నాగావళి (శ్రీకాకుళం):
చంపావతి గారూ, ట్యాబ్ ఆగవలసిన చోటే ఆగింది. రెండు పేర్లు విడిపోయేది సరిగ్గా అక్కడే. రోమన్‌లో రాస్తే ఒకరు "టి"తో, ఇంకొకరు "టిహెచ్"తో మొదలుపెడతారు, అప్పుడు తగవు మొదటి అక్షరం తరువాతే వస్తుంది. లినక్స్ ఫైలు పేరులో నిషిద్ధమైనవి స్లాష్, శూన్య బైటు (విలువ సున్నా అయిన బైటు), ఈ రెండే. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది కాబట్టి, పేరుకు 255 బైట్ల హద్దున్న లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4లో 85 గుర్తుల పేరు పెట్టవచ్చు. గుణింతం, పొల్లు కూడా విడి గుర్తులే అయినా "తప్పెటగుళ్లు"కు 36 బైట్లు చాలు. అసలు ఇబ్బంది పెట్టేవి ఖాళీలు, బ్రాకెట్లు, పేరు మొదట్లో వచ్చే హైఫన్. మొదటి రెండింటి ముందు ట్యాబ్ తానే బ్యాక్‌స్లాష్ చేరుస్తుంది గాని, హైఫన్‌ను అలాగే వదిలేస్తుంది. నా ఫోల్డరులో మిగిలిన ఒకే ఒక్క ఫైలు పేరు హైఫన్‌తో మొదలైంది; ట్యాబ్ పేరంతా పూరించింది, ఫైళ్లను చెరిపే ఆర్ఎం ఆదేశం మాత్రం దాన్ని ఆప్షన్ (ఆదేశానికి ఇచ్చే సూచన) అనుకుని, అలాంటి ఆప్షన్ లేదని మొండికేసింది. ముందు చుక్క, స్లాష్ పెడితే గాని చెరగలేదు.

వంశధార (శ్రీకాకుళం):
కంటికి కనబడని గుర్తు సంగతి ఇద్దరూ మరిచారు. "రికార్డింగ్" చివర పొల్లు తరువాత కొన్ని ఫోను కీబోర్డులు పక్క అక్షరాలు కలవకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను చేరుస్తాయి. అటువంటి పేరు, అది లేని పేరు తెరపై కవలల్లా ఉంటాయి. చూసి ఏది ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు. భాషను నిర్ణయించే ఎల్‌సీ_ఆల్‌ను సీగా ఉంచి, ఫైళ్ల జాబితా ఇచ్చే ఎల్ఎస్‌ను "-బి"తో నడిపితే ఒకదానిలో మాత్రం ఆ గుర్తు బైట్లకు సంకేతమైన \342\200\214 బయటపడుతుంది. పైగా ఆదేశం ఇంగ్లీషులో కొట్టి, పేరు కోసం కీబోర్డు తెలుగుకు మార్చి, మళ్లీ వెనక్కి రావాలి. ఆ విసుగుకు మీ దగ్గర మందుందా?

నాగావళి:
ఉంది. పేరుకు ముందు అంకె పెట్టండి: "007_తప్పెటగుళ్లు". 007 కొట్టి ట్యాబ్ నొక్కితే మిగిలిన తెలుగంతా దానంతట అదే వస్తుంది, కీబోర్డు మార్చనక్కరలేదు. స్క్రిప్టుల్లో (రాసిపెట్టుకున్న ఆదేశాల వరుసల్లో) మాత్రం ఎల్ఎస్ ఇచ్చిన జాబితాను ముక్కలు చేయకుండా, ఫైళ్లను వెతికే ఫైండ్‌ను "-ప్రింట్0"తో వాడండి, అది పేర్లను శూన్య బైటుతో విడదీస్తుంది. 2024 నాటి పోసిక్స్‌లో అది కూడా చేరింది.

చంపావతి:
అంకెల ఉపాయం నచ్చింది, రోమన్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయినా నా టెర్మినల్ వత్తులను అక్షరం కింద కాక పక్కన పడేస్తోంది. దానికి ఏ అంకే మందు కాదు. పేర్లు మార్చే స్క్రిప్టు సగం రాశాను. ళ వత్తు ఉంచాలా, ల వత్తు ఉంచాలా అన్నది మాత్రం మా ఇంట్లోనే ఇంకా తేలలేదు.